గేర్లు కనబడని కారు : సి.వి.టి. యంత్రము – దాని సంరక్షణ

మానవ నాగరికతా చరిత్రలో చక్రమునకు గల స్థానము సాటిలేనిది. అయితే చక్రమును కనుగొనుట ఒక యెత్తు. దానిని అవసరమునకు తగిన వేగముతో, తగిన బలముతో త్రిప్పుట మరియొక యెత్తు. ఎద్దుబండికి ఈ చిక్కు లేదు. మిట్ట ఎదురైనప్పుడు ఎద్దులే మెడ వంచి మెల్లగా, బలముగా లాగును. చదునైన బాట వచ్చినప్పుడు వాటంతట అవే నడక మార్చుకొనును. యంత్రమునకు ఆ తెలివి లేదు. ఇంజను కొన్ని వేగముల హద్దులలో మాత్రమే చక్కగా పనిచేయును. కావున ఇంజనుకు, చక్రమునకు నడుమ ఒక మధ్యవర్తి కావలసి వచ్చినది. ఆ మధ్యవర్తియే గేరుపెట్టె.

ఈ మధ్యవర్తులలో నేడు విస్తారముగా వాడుకలోనికి వచ్చినది సి.వి.టి. అను యంత్రము. తెలుగులో దీనిని ‘అవిచ్ఛిన్న పరివర్తక యంత్రము’ అనవచ్చును. దీని నిర్మాణమును, దీనిని పది కాలములపాటు పదిలముగా కాపాడుకొను మార్గములను విద్యార్థి లోకమునకు పరిచయము చేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మన పెనుకొండకు ఈ విషయముతో దూరపు చుట్టరికము కాదు, ఇంటి సంబంధమే కలదు. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియై, బాబయ్య దర్గా మూలమున మతభేదము లేక భక్తులను రప్పించుకొనుచున్న ఈ పట్టణము పేరు ఇప్పుడు మోటారు కార్ల ప్రపంచములో కూడ వినబడుచున్నది. 2017 ఏప్రిల్ నెలలో దక్షిణ కొరియాకు చెందిన కియా సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒప్పందము చేసికొని, పెనుకొండ మండలము ఎర్రమంచి వద్ద 536 ఎకరములలో, సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో కర్మాగారమును నిర్మించినది. ఏటా 3,00,000 కార్లు తయారుచేయు సామర్థ్యముతో ఇది రూపొందినది. 2019 ఆగస్టులో ఇక్కడ తయారైన సెల్టోస్ కారు అమ్మకమునకు వచ్చినది. అదే యేడు డిసెంబరు 5న కర్మాగారమునకు లాంఛనముగా ప్రారంభోత్సవము జరిగినది. 2023 జూలై నాటికి పది లక్షలవ కారు వెలువడినది.

ఆ సెల్టోస్ కారును 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుతో కొనదలచిన వారికి ‘ఐ.వి.టి.’ అను పేరుతో లభించిన ఆటోమేటిక్ గేరుపెట్టె సి.వి.టి. జాతికి చెందినదే. అదే కారులో డీజిలు ఇంజనుకు, టర్బో పెట్రోలు ఇంజనుకు అమర్చిన ఆటోమేటిక్ పెట్టెలు వేరు జాతులవి. క్లచ్ పెడలు లేనంత మాత్రమున ప్రతి కారు సి.వి.టి. కాదని పాఠకులు మొదటనే గుర్తుంచుకొనవలెను. తన కారులో ఉన్నది ఏ జాతి పెట్టెయో తెలిసికొనుటయే సంరక్షణలో తొలి మెట్టు. కారుతోపాటు ఇచ్చు పుస్తకము తెరచి చూచినచో ఈ సందేహము తీరిపోవును.

పుట్టుపూర్వోత్తరములు

సి.వి.టి.ని కార్లలో తొలుత విరివిగా ప్రవేశపెట్టిన ఘనత నెదర్లాండ్స్ దేశమునకు చెందిన డాఫ్ సంస్థది. ఆ సంస్థ స్థాపకుడైన హబ్ వాన్ డోర్న్ రూపొందించిన ‘వేరియోమాటిక్’ అను యంత్రమును 1958లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో ‘డాఫ్ 600’ అను చిన్న కారులో ప్రజలకు చూపిరి. అందులో రబ్బరు బెల్టులు ఉండెడివి. ఆ కారు ముందునకు ఎంత వేగముగా పోగలదో వెనుకకు కూడ అంత వేగముగా పోగలిగెడిది. ఆ దేశమున వెనుకకు నడుపు పందెములు కూడ జరిపి జనులు వినోదించిరి.

రబ్బరు బెల్టు చిన్న ఇంజనులకే సరిపోవును. పెద్ద ఇంజను త్రిప్పు బలమునకు అది తాళలేదు. అందువలన వాన్ డోర్న్ ఉక్కు బెల్టును రూపొందించుటకు పూనుకొనెను. నాలుగు వందల వరకు పలుచని ఉక్కు బిళ్ళలను వరుసగా పేర్చి, వాటిని సన్నని ఉక్కు పట్టీలతో బిగించి చేసిన బెల్టు అది. సాధారణ బెల్టు లాగుట ద్వారా బలమును అందించును. ఈ బెల్టు ఒక బిళ్ళ మరియొక బిళ్ళను నెట్టుట ద్వారా అందించును. 1987లో జపాను దేశపు సుబారు సంస్థ తన జస్టీ కారులో ఈ ఉక్కు బెల్టు గల సి.వి.టి.ని అమ్మకమునకు తెచ్చినది. తరువాతి కాలమున కొన్ని సంస్థలు బెల్టునకు బదులు ఉక్కు గొలుసును వాడసాగినవి. సెల్టోస్ ఐ.వి.టి.లో ఉన్నది కూడ గొలుసే.

మన ఇండ్లలోనికి ఈ సూత్రము కారుకంటె ముందు స్కూటరు రూపమున వచ్చినది. 1980ల మధ్యలో మన దేశమున కానవచ్చిన కైనెటిక్ హోండా, 2001లో వచ్చిన హోండా యాక్టివా మొదలగు గేర్లు లేని స్కూటర్లన్నియు రబ్బరు బెల్టుతో నడుచు చిన్న సి.వి.టి.లే. హిందూపురములో గాని ధర్మవరములో గాని ఏ స్కూటరు షెడ్డునకు వెళ్ళినను, అరిగిపోయిన ఆ బెల్టును చేతబట్టి దాని గుణదోషములు వివరించగల ఉస్తాద్ ఒకరు తప్పక ఉందురు.

నిర్మాణము – పనిచేయు విధము

కాలితో త్రొక్కు కుట్టుమిషనును గమనింపుడు. క్రింద పెద్ద చక్రము, పైన చిన్న చక్రము, రెంటిని కలుపుచు తోలు పట్టా. పెద్ద చక్రము ఒక్క చుట్టు తిరుగునప్పటికి చిన్న చక్రము అనేక చుట్లు తిరుగును. ఆ రెండు చక్రముల పరిమాణములను మిషను నడుచుచుండగనే మన ఇష్టానుసారము పెంచుచు తగ్గించుచు పోగలిగినచో అదియే సి.వి.టి. అగును.

సి.వి.టి.లో రెండు పుల్లీలు ఉండును. ఒకటి ఇంజను వైపునది, రెండవది చక్రముల వైపునది. ప్రతి పుల్లీ రెండు శంకువులను ఎదురెదురుగా నిలిపినట్లుండును. అందులో ఒక శంకువు స్థిరము. రెండవది నూనె యొక్క ఒత్తిడితో ముందునకు వెనుకకు జరుగును. శంకువులు దగ్గరైనప్పుడు నడుమనున్న బెల్టు అంచు వైపునకు, అనగా పెద్ద వలయములోనికి నెట్టబడును. దూరమైనప్పుడు బెల్టు ఇరుసు వైపునకు, అనగా చిన్న వలయములోనికి దిగును. ఒక పుల్లీ విడివడుచుండగా రెండవది దగ్గరగుచుండును గనుక బెల్టు ఎప్పుడును వదులు కాదు.

ఉదాహరణకు, కారు బయలుదేరునప్పుడు ఇంజను వైపు బెల్టు 3 సెంటీమీటర్ల వ్యాసార్ధముతోను, చక్రముల వైపు 7 సెంటీమీటర్ల వ్యాసార్ధముతోను తిరుగుచున్నదనుకొందము. అప్పుడు ఇంజను వైపు పుల్లీ ఏడు చుట్లు తిరిగినప్పుడు రెండవది మూడు చుట్లే తిరుగును. వేగము తగ్గును, త్రిప్పు బలము పెరుగును. కారు జాతీయ రహదారి మీదికి వచ్చిన తరువాత ఈ కొలతలు తారుమారగును. అప్పుడు ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నను చక్రములు వేగముగా తిరుగును. ఈ రెండు కొసల నడుమ మెట్లు లేవు. సాధారణ గేరుపెట్టె మెట్ల దారి వంటిదైనచో సి.వి.టి. ఏటవాలు బాట వంటిది. అందుచేతనే గేరు మారునప్పటి కుదుపు దీనిలో ఉండదు. ఇంజనును తనకు అనుకూలమైన వేగమున ఉంచుట వలన ఇంధనము కూడ ఆదా అగును.

ఆయువుపట్టు – నూనె

సాధారణ గేరుపెట్టెలో పండ్లు పండ్లతో పెనవేసికొని తిరుగును. సి.వి.టి.లో బెల్టునకు గాని గొలుసునకు గాని శంకువుతో పండ్ల సంబంధము లేదు. నునుపైన ఉక్కును నునుపైన ఉక్కు గట్టిగా అదిమి పట్టుకొనుటయే దాని బలమంతయు. కారు బరువును, అందలి మనుష్యులను, సామానును లాగు శక్తి యావత్తు ఆ పట్టు గుండనే ప్రసరింపవలెను. ఈ ఒక్క విషయము చక్కగా అర్థమైనచో సంరక్షణ సూత్రములన్నియు తమంత తాముగనే అర్థమగును.

ఆ పట్టును నిలుపునది నూనె. దానికి అప్పగించిన పనులు ఒకదానికొకటి విరుద్ధములుగా తోచును. బేరింగులను, చిన్న గేర్లను అది జారుడుగా ఉంచవలెను. శంకువునకు బెల్టునకు నడుమ మాత్రము జారనీయరాదు. అదే నూనె ఒత్తిడితో శంకువులను జరుపవలెను, వేడిని బయటకు మోసికొని పోవలెను, అరుగుదల వలన పుట్టు రజనును అయస్కాంతము వద్దకు చేర్చవలెను. ఒక చేత లాలించుచు మరొక చేత దండించు తల్లి వంటిది ఈ నూనె. ఇందులకై ప్రత్యేకమైన రసాయనములు కలిపి దీనిని తయారుచేయుదురు. కావుననే ఇంజను నూనె గాని, ఇతర ఆటోమేటిక్ పెట్టెల నూనె గాని దీనికి బదులు కానేరవు. కియా, హ్యుందాయ్ కార్లకు ఎస్.పి.-సి.వి.టి. 1, హోండా కార్లకు హెచ్.సి.ఎఫ్.-2, నిస్సాన్ కార్లకు ఎన్.ఎస్.-3 ఇత్యాదిగా ఆయా సంస్థలు ఆయా నూనెలను నిర్ణయించినవి. పుస్తకములో ఏ పేరు ఉన్నదో ఆ పేరు గల నూనెనే పోయవలెను. ‘అన్నిటికి సరిపోవును’ అను మాటను నమ్మి చౌకగా వచ్చినదానిని పోయుట తగదు.

నూనె చెడిపోవు క్రమమును రసాయన శాస్త్ర విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. ఉష్ణోగ్రత ప్రతి పది డిగ్రీలు పెరిగినప్పుడు రసాయన చర్యల వేగము రమారమి రెట్టింపగునని మనము చదువుకొనుచున్నాము. వేడికి నూనె ఆక్సీకరణము చెందును, అందులోని రసాయనములు క్షీణించును. అప్పుడు పట్టు సడలును. పట్టు సడలినచో బెల్టు శంకువు మీద లవలేశము జారును. ఆ జారుడు నునుపైన శంకువు మీద గీతలు పెట్టును; ఉక్కు రజను రాలును. ఆ రజను నూనెలో కలిసి సన్నని కవాటములలో ఇరుక్కొనును. కవాటములు ఇరుక్కొన్నచో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినచో బెల్టు మరింత జారును. ఇది విషవలయము. ఒకసారి ఈ వలయములో పడిన పెట్టెకు నూనె మార్చినంత మాత్రమున పూర్వపు ఆరోగ్యము రాదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లే అగును.

‘జీవితకాలపు నూనె’ అను భ్రమ

సి.వి.టి. నూనెను కారు జీవితకాలమంతయు మార్చనక్కరలేదను మాట లోకములో వ్యాపించియున్నది. ఇది పూర్తిగా కల్పితమూ కాదు, పూర్తిగా సత్యమూ కాదు. పెక్కు కార్ల పుస్తకములలో రెండు పట్టికలు ఉండును. మొదటిది సాధారణ వాడుకకు. రెండవది కఠినమైన వాడుకకు. మొదటి పట్టికలో కొన్ని సంస్థలు మార్చనవసరము లేదని వ్రాయుట కలదు. రెండవ పట్టికలో మాత్రము ఇన్ని కిలోమీటర్లకు మార్చవలెనని అంకె ఉండును. మనవారిలో అధికులు మొదటి పట్టికతోనే పుస్తకము మూసివేయుదురు.

కఠినమైన వాడుక అనగా నేమి? పుస్తకములు చెప్పు లక్షణములు ఇవి: మాటిమాటికి కొద్ది దూరములు మాత్రమే నడుపుట, 32 డిగ్రీలకు మించిన ఎండలో రద్దీ దారులలో ఆగుచు సాగుచు పోవుట, దుమ్ము బాటలలో, కొండ దారులలో తరచు నడుపుట, టాక్సీగా గాని ఇతర వాణిజ్య అవసరములకు గాని వాడుట. ఇప్పుడు మన ప్రాంతమును ఒకసారి తలచుకొనుడు. రాయలసీమ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలను దాటుట మనకు కొత్త కాదు. వర్షపాతము స్వల్పమగుట చేత పల్లె బాటలలో దుమ్ముకు కొదువ లేదు. పట్టుచీరల వ్యాపారమునకో, ఆసుపత్రికో, విమానాశ్రయమునకో మన కార్లు 44వ నంబరు జాతీయ రహదారి వెంట బెంగుళూరు చేరి, అక్కడి రద్దీలో గంటల తరబడి ఆగియాగి సాగును. కర్మాగారపు ఉద్యోగులను చేరవేయు అద్దె కార్లు రేయింబవళ్ళు తిరుగును. పుస్తకము ‘కఠినము’ అని పేరు పెట్టిన వాడుకయే మనకు నిత్యకృత్యమని దీనినిబట్టి తెలియుచున్నది. మనము చదువవలసినది రెండవ పట్టికనే.

ఆ పట్టికలోని అంకె సంస్థను బట్టి, నమూనాను బట్టి మారును. కొన్నింటికి 40,000 కిలోమీటర్లు, మరికొన్నింటికి 90,000 లేక 1,00,000 కిలోమీటర్లు. తన పుస్తకములోని అంకెయే ఎవరికైనను ప్రమాణము. అయితే మన ఎండలను, మన రద్దీని ఎరిగినవారు 60,000 కిలోమీటర్లకు మించి ఒకే నూనెతో నడుపకుండుట వివేకమని నా అభిప్రాయము. పుస్తకము అంతకు ముందే మార్చుమన్నచో అంతకు ముందే మార్చవలెను. తగిన నూనెను, తగిన రీతిలో గడువునకు ముందు మార్చుట వలన హాని ఏమియు లేదు. నూనె మార్పునకు అగునది కొన్ని వేల రూపాయలు. పెట్టెనే మార్చవలసివచ్చినచో లక్ష రూపాయలకు పైబడు వ్యయము. గోటితో పోవుదానికి గొడ్డలి ఏల?

పెద్ద సంస్థలకు కూడ ఈ యంత్రము పరీక్ష పెట్టిన సందర్భములు కలవు. అమెరికాలో నిస్సాన్ సంస్థ 2003 – 2010 నమూనాల సి.వి.టి. కార్లకు ఇచ్చిన వారంటీని 10 సంవత్సరములు లేక 1,20,000 మైళ్ళ వరకు పొడిగింపవలసి వచ్చినది. నూతన యంత్రమున తయారీలోని లోపము తయారీదారు దిద్దవలసినదే. నూనెను, వాడుకను దిద్దుకొనవలసినది మాత్రము మనమే.

నూనె మార్చు విధానము

ఈ పని ఇంటి ముంగిట చేయదగినది కాదు. అయినను విధానము తెలిసియున్నచో పని సక్రమముగా జరుగుచున్నదో లేదో గమనింపవచ్చును.

మొదటిది: నూనె మట్టము. పెక్కు సి.వి.టి.లలో ఇంజనుకు వలె మట్టము చూచు పుల్ల ఉండదు. కారును నాలుగు వైపుల సమానముగా ఎత్తి, ఇంజను నడుచుచుండగా, నూనె నిర్ణీతమైన ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు మట్టపు బిరడాను విప్పుదురు. అధికముగా నున్న నూనె పొర్లిపోయి సన్నని ధారగా తగ్గినప్పుడు బిరడా బిగింతురు. వేడికి నూనె వ్యాకోచించును గనుక చల్లగా నున్నప్పుడు చూచిన మట్టము, మరిగిన తరువాత చూచిన మట్టము ఒకటి కావు. మట్టము తగ్గినచో పంపు గాలిని పీల్చును, ఒత్తిడి పడిపోవును. మట్టము మించినచో తిరుగు భాగములు నూనెను చిలికి నురగ చేయును. రెండును చెరుపే.

రెండవది: దింపిన నూనెను కొలుచుట. ఎంత దిగినదో కొలిచి వ్రాసికొన్నచో పూర్వము లోటు ఉన్నదో లేదో తెలియును. నూనె రంగు, వాసన కూడ చూడవలెను. నల్లబడి మాడు వాసన వచ్చినచో గడువు మించినదని గుర్తు.

మూడవది: అయస్కాంతములు. పెట్టె అడుగు పళ్ళెములో రజనును పట్టుటకు అయస్కాంతములు ఉండును. పళ్ళెమును విప్పినప్పుడు వాటిని శుభ్రముగా తుడువవలెను. మెత్తని బూడిద వంటి పొర సహజమైన అరుగుదల. మెరయు తునకలు, పొరకలు కనబడినచో అది ప్రమాద సూచన. వడపోత జల్లెడను, బిరడా వాషరును కొత్తవి వేయుట మంచిది. పనిచోట దుమ్ము ఉండరాదు. కంటికి ఆనని ఇసుక రేణువు కూడ కవాటములకు శత్రువే.

నాలుగవది: ఒక్కసారి దింపినంత మాత్రమున నూనె అంతయు రాదు. టార్కు కన్వర్టరులోను, గొట్టములలోను కొంత నిలిచిపోవును. సగము దిగినదనుకొందము. మొదటిసారి మార్చినప్పుడు కొత్త నూనె 50 శాతము, కొంత దూరము నడిపి రెండవసారి మార్చినచో 75 శాతము, మూడవసారికి 87.5 శాతము. చాలకాలము అలక్ష్యము చేసిన కారుకు ఇట్లు రెండు మూడు విడతలుగా మార్చుట యుక్తము. వారంటీ గడువులో నున్న కారుకు ఈ పనులన్నియు అధికృత సర్వీసు కేంద్రములోనే చేయించి రసీదులు భద్రపరచవలెను.

నూనెను చల్లబరచు ఏర్పాటును కూడ మరువరాదు. రేడియేటరు ముందు పురుగులు, దూది, దుమ్ము పేరుకొని గాలిని అడ్డగించినచో ఇంజనుతోపాటు పెట్టె కూడ వేడెక్కును. వేసవికి ముందు దానిని శుభ్రము చేయించి, కూలెంటు మట్టము చూపించుకొనవలెను.

నడుపువారి అలవాట్లు

యంత్రము ఎంత మంచిదైనను నడుపువాని చేతిలోనే దాని ఆయుర్దాయము ఉన్నది. ఈ క్రింది నియమములు డబ్బు ఖర్చు లేనివి.

ఉదయము ఇంజను వేసిన వెంటనే వేగముగా పరుగెత్తింపరాదు. అర నిమిషము ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడుపవలెను. చల్లని నూనె చిక్కగా ఉండును.

కారు పూర్తిగా నిలిచిన తరువాతనే ముందు గేరు నుండి వెనుక గేరునకు గాని, వెనుక నుండి ముందునకు గాని మార్చవలెను. ఇంకను దొర్లుచుండగా మార్చినచో ఆ దెబ్బ అంతయు లోని భాగములపై పడును.

ఏటవాలు దారిలో ఆగినప్పుడు ఆక్సిలేటరు త్రొక్కి కారును నిలుపరాదు, బ్రేకుతోనే నిలుపవలెను. లేనిచో కారు కదలకున్నను లోపల నూనె కాగిపోవుచుండును.

బురదలో గాని ఇసుకలో గాని చక్రము దిగబడినప్పుడు ఆక్సిలేటరు అదిమి గిరగిర త్రిప్పరాదు. వట్టిగా తిరుగుచున్న చక్రము హఠాత్తుగా గట్టి నేలను పట్టుకొన్నప్పుడు కలుగు అదురు బెల్టును జార్చును. పలకలు వేసియో, పదిమంది నెట్టియో బయటికి తీయుట మేలు. వంకలు పొంగినప్పుడు లోతు తెలియని నీటిలోనికి కారును దింపరాదు. గాలి గొట్టము గుండ నీరు పెట్టెలో చేరినచో నూనె పాలవలె తెల్లబడి పట్టు కోల్పోవును.

దిగుడు దారులలో న్యూట్రల్ వేసి జారవిడుచుట అపాయకరము. దాని వలన ఆదా అగునదియు లేదు. ఎల్ గేరు గాని, చేతితో మార్చు పద్ధతి గాని ఉన్నచో ఆ సమయమున వాడవలెను. నిలుపునప్పుడు ముందు కాలి బ్రేకు, తరువాత చేతి బ్రేకు, ఆ తరువాత పార్కింగు గేరు అను వరుస పాటించినచో కారు బరువు పార్కింగు కొక్కెముపై పడదు. కారు చెడి ఆగినచో నడుపు చక్రములు నేలను తాకుచుండగా త్రాడుకట్టి దూరము లాగించరాదు. ఇంజను ఆగియున్నప్పుడు నూనె పంపు పనిచేయదు గనుక లోని భాగములు ఎండి అరిగిపోవును. లారీపై ఎక్కించి తీసికొనిపోవుట క్షేమము.

రోగ లక్షణములు

ఆక్సిలేటరు బాగుగా త్రొక్కినప్పుడు ఇంజను చప్పుడు ముందుగా పెరిగి, కారు వేగము తరువాత అందుకొనుట సి.వి.టి. స్వభావము. దీనిని చూచి కొందరు క్లచ్ జారుచున్నదని కంగారుపడుదురు. అది రోగము కాదు.

రోగ లక్షణములు వేరు. నెమ్మదిగా పోవునప్పుడు కారు వణకుట, వేగముతోపాటు పెరుగు సన్నని కూత, గేరు వేసిన తరువాత కదలుటకు తాత్సారము, సమమైన వేగమున పోవుచుండగా ఇంజను చప్పుడు మాత్రమే హఠాత్తుగా ఎగయుట, మాడు వాసన, కారు నిలిపిన చోట నూనె మరక, ఎదుటి పలకపై హెచ్చరిక దీపము. వీటిలో ఏ ఒక్కటి కనబడినను వాయిదా వేయక చూపించుకొనవలెను. విషవలయము మొదటి చుట్టులో ఉండగా నూనెతోనో, ఒక కవాటముతోనో, కంప్యూటరు దిద్దుబాటుతోనో పోవు జబ్బు, నెల గడిచిన తరువాత పెట్టెను మార్చిన గాని పోదు.

పాత కారు కొనువారికి

కొత్త కారు కొనగలిగిన కుటుంబములు కొన్నే. ఐదారేండ్లు తిరిగిన కారును కూడబెట్టిన సొమ్ముతో కొనువారే ఎక్కువ. అద్దెకు త్రిప్పి జీవనోపాధి చేసికొనుటకు అప్పు తెచ్చి కొను యువకులును కలరు. మొదటి యజమాని ‘జీవితకాలపు నూనె’ను నమ్మి మార్చక విడిచిన భారము రెండవ యజమాని నెత్తిన పడును. వారంటీ ముగిసిన పిదప వచ్చు ఆ ఖర్చు ఒక కుటుంబపు సంవత్సరపు పొదుపును ఒక్క దినమున హరింపగలదు. కావున సి.వి.టి. కారు కొనునప్పుడు పై రంగును, సీట్ల మెరుగును కాదు, నూనె మార్చిన రసీదులను ముందుగా అడుగవలెను. ఇంజను చల్లగా నున్నప్పుడు ఒకసారి, అరగంట నడిపిన తరువాత మరొకసారి పరీక్షింపవలెను. వణకు, కూత పెక్కుమార్లు నూనె వేడెక్కిన తరువాతనే బయటపడును. పెట్టె కంప్యూటరులో నమోదైన లోపములను పరికరముతో చదివించుకొనుట తప్పనిసరి. రసీదులు లేనిచో నూనె మార్పునకగు ఖర్చును బేరములో తగ్గించి, కొన్న వెంటనే మార్పించవలెను.

ఉపసంహారము

మన ఊరి షెడ్లలో పని నేర్పువానిని హిందువులు, ముస్లిములు కూడ ‘ఉస్తాద్’ అనియే పిలుతురు. ‘మరమ్మతు’ అను మాటయు ఆ భాష నుండి వచ్చి తెలుగులో కలిసిపోయినదే. మరమ్మతు చెడిన తరువాత చేయునది. చెడకుండ కాపాడుటకు ఉర్దూలో ‘హిఫాజత్’ అని, తెలుగులో ‘సంరక్షణ’ అని చక్కని మాటలు కలవు. సి.వి.టి. విషయమున మరమ్మతు కష్టసాధ్యము, సంరక్షణ సులభసాధ్యము. సరియైన నూనె, సకాలమున మార్పు, చల్లదనము, ఓర్పుగల నడక – ఈ నాలుగే దాని రహస్యము.

ఎర్రమంచి కర్మాగారము మన యువకులకు ఉద్యోగ ద్వారములను తెరచినది. అయితే కారు తయారగుటకు పట్టు కాలము స్వల్పము; అది రోడ్ల మీద తిరుగు కాలము పదునైదేండ్లు. ఆ పదునైదేండ్ల పనియంతయు సర్వీసు చేయువారిది. పాత ఉస్తాదుల చేతి నేర్పునకు భౌతిక, రసాయన శాస్త్రముల జ్ఞానము, కంప్యూటరు పరికరములు చదువు తెలివి తోడైనచో ఆ పని మన పట్టణములలోనే జరుగును. నేడు బెంగుళూరునకు పోవుచున్న కార్లు, వాటితోపాటు పోవుచున్న కూలి, హిందూపురము పెనుకొండ షెడ్లలోనే నిలుచును.

ఈ సందర్భమున కళాశాల పాలకవర్గము వారికి ఒక మనవి. పాత ఇనుము కొట్లలో గేర్లు లేని స్కూటరు యొక్క పుల్లీలు, బెల్టు కొద్ది ధరకే దొరకును. వాటిని ఒక బల్లపై బిగించి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచినచో, శంకువులు జరుగునప్పుడు వ్యాసార్ధములు మారుటను, నిష్పత్తి మారుటను విద్యార్థులు తమ చేతులతో త్రిప్పి చూడగలరు. సంవత్సరమునకు ఒక దినము అనుభవజ్ఞుడైన ఉస్తాద్‌ను పిలిపించి వారిచేత వివరింపజేసినచో, పుస్తకములోని ఘర్షణ పాఠము ప్రాణము పోసికొనును. విద్యార్థులారా! మీ ఇంటనో, పొరుగింటనో ఇట్టి కారు ఉన్నచో ఈ సెలవులలో దాని పుస్తకము తెరచి, రెండవ పట్టికను చదివి, నూనె మార్చవలసిన అంకెను ఒక కాగితముపై వ్రాసి యజమాని చేతికిండు. చదివిన చదువు పరులకు ఉపకరించుట అనగా ఇదియే.